హయా అనే కలం పేరు – హైదరాబాదు నవలాకారిణి సుగ్రా హుమాయూన్ మీర్జా

మెహదీపట్నం నుండి మాసబ్ ట్యాంకు మీదుగా నగరంలోకి పోయే మనవాళ్ళందరికీ హుమాయూన్ నగర్ అనే పేరు బాగా తెలుసు. అక్కడి సఫ్‌దరియా బాలికల పాఠశాల పేరు కూడా విన్నవారు చాలామంది ఉంటారు. మన కుటుంబాల్లోని కొందరు పెద్దమ్మలు, ఖాలాలు అక్కడే చదువుకున్నారు. అయితే ఆ హుమాయూన్ ఎవరు, ఆ సఫ్‌దర్ ఎవరు అని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. ఆ ఇద్దరినీ కలిపే స్త్రీ ఎవరు అని అడిగితే చెప్పేవారు ఇంకా తక్కువ. పేటకు భర్త పేరు నిలిచింది. బడికి తండ్రి పేరు నిలిచింది. ఆ బడి పెట్టి నడిపించిన ఇల్లాలు సుగ్రా హుమాయూన్ మీర్జా. ఉర్దూలో నవలలు, యాత్రా గ్రంథాలు, కవితలు రాసి, పత్రికలు నడిపిన ఈమె కవితల్లో తన పేరును 'హయా' అని పెట్టుకున్నది. హయా అంటే సిగ్గు, లజ్జ, మర్యాద.

ఈ సంవత్సరపు సావనీరులో ఆమెను గూర్చి నాలుగు మాటలు రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉన్నది. అది చివరన మనవి చేస్తాము. ముందుగా కలం పేరు అనేది ఏమిటో చూద్దాం.

తఖల్లుస్ వేరు, పర్దా పేరు వేరు

ఉర్దూ కవులకు తఖల్లుస్ పెట్టుకోవడం పాత ఆచారం. గజల్ చివరి షేర్‌లో కవి తన పేరు పలుకుతాడు. మీర్, గాలిబ్, దాగ్ అన్నీ అటువంటివే. ఇది దాక్కోవడానికి పెట్టుకున్న పేరు కాదు, పదిమందిలో గుర్తింపు కోసం పెట్టుకున్నది. తలపాగాకు కల్గీ వంటిది. ఎవరు రాశారో అందరికీ తెలుస్తుంది, తెలియాలనే పెట్టుకుంటారు.

మన హైదరాబాదులోనే కన్ను మూసిన మీర్జా ముహమ్మద్ హాదీ 'రుస్వా' సంగతి తీసుకోండి. రుస్వా అంటే పరువు పోయినవాడు, నలుగురి నోళ్ళలో పడ్డవాడు. లక్నోలో పండితుడిగా పేరున్న ఆయన, నవలలకు మాత్రం ఈ పేరు వాడుకున్నారు. 'ఉమ్రావ్ జాన్ అదా' 1899లో వెలువడింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలు తయారు చేయడం కోసం 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమాలో పని చేస్తూ, 1931లో హైదరాబాదులో మరణించారు. మగవాడు కాబట్టి 'పరువు పోయినవాడు' అని పెట్టుకొని కూడా గౌరవంగా బ్రతికారు. ఆడవారికి ఆ వీలు ఎక్కడిది? అదే నగరంలో ఒక స్త్రీ కలం పట్టినప్పుడు ఎన్నుకున్న మాట 'హయా'. ఒకే ఊరు, ఒకే భాష, దాదాపు ఒకే కాలం. ఒకరు రుస్వా, ఒకరు హయా. ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆనాటి సమాజం సగం అర్థమవుతుంది.

కలం పేరుకు ఇంకొక కారణం సర్కారు భయం. మున్షీ ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. ఆయన నవాబ్ రాయ్ పేరుతో 1908లో అచ్చు వేసిన 'సోజె వతన్' అనే ఉర్దూ కథల పుస్తకంలో దేశభక్తి ఉన్నదని ఆంగ్ల ప్రభుత్వం ప్రతులు స్వాధీనం చేసుకున్నది. సర్కారు నౌకరీలో ఉన్న మనిషి. ఇక ఆ పేరుతో రాయడానికి లేదు. కాన్పూరు నుండి వచ్చే 'జమానా' పత్రిక సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచన మీద 1910లో ప్రేమ్‌చంద్ అయినారు. ఆ పేరే చిరకాలం నిలిచింది.

ఇక మూడవ రకం పర్దా పేరు. ఇదే మన కథకు ముఖ్యం.

పేరుకు కూడా పర్దా

ఆ రోజుల్లో షరీఫ్ అనిపించుకునే ఇండ్లలో ఆడవారి ముఖమే కాదు, గొంతు కూడా జనానా దాటి మర్దానాలోకి రాకూడదు. పేరు సరేసరి. భార్యను పేరు పెట్టి పిలవరు. 'ఘర్ మే', 'ఫలానా కీ మా' అంటారు. ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేవారు. కొద్దిగా ఉర్దూ చదవడం కూడా నేర్పేవారు. కాని రాయడం నేర్పేవారు కాదు. రాయడం వస్తే ఉత్తరాలు రాస్తుందని భయం! బిజ్నౌర్‌కు చెందిన అష్రఫున్నిసా బేగం ఇటువంటి ఇంట్లోనే పుట్టింది. రొట్టెల పెనం అడుగున పట్టిన మసి సిరాగా, చీపురు పుల్ల కలంగా చేసుకొని దొంగచాటుగా రాయడం నేర్చుకున్నది. ఆ సంగతి తానే రాయగా, 1898లో లాహోరులో మొదలైన 'తహ్జీబె నిస్వాన్' అనే స్త్రీల పత్రిక ప్రచురించింది. ఆ పత్రికకు సంపాదకురాలు కూడా స్త్రీయే, ముహమ్మదీ బేగం.

రాయడం వచ్చినంత మాత్రాన అచ్చు వేయడం సులభమా? ఒక ఉర్దూ పుస్తకం ఎట్లా అచ్చయ్యేదో మన పిల్లలకు తెలియకపోవచ్చు, కాబట్టి చెబుతాము. సీసపు అక్షరాలు కూర్చే పద్ధతి ఉర్దూకు అంతగా కుదరలేదు. నస్తాలీక్ లిపి అందం అందులో రాదు. కాబట్టి కాతిబ్ అనే లేఖకుడు జిడ్డు సిరాతో ప్రత్యేకమైన కాగితం మీద పుస్తకమంతా చేతితో రాసేవాడు. ఆ రాతను చదునైన రాతి పలక మీదికి దించి అచ్చు తీసేవారు. అంటే జనానాలో కూర్చుని ఒక బీబీ రాసిన కాగితాలు ముందు అన్నయ్య చేతికో, కొడుకు చేతికో పోవాలి. ఆయన చేతి నుండి ఒక పరాయి మగవాడైన కాతిబ్ చేతికి పోవాలి. ఆమె పేరును ఆ కాతిబ్ తన చేత్తో అందంగా రాయాలి. ఆ తరువాత ఆ పేరు బజారులో అమ్ముడు పోవాలి. పరువు గల ఇంటికి ఇది పెద్ద గండమే.

అందుకని ఒక ఉపాయం కనుక్కున్నారు. పాట్నాకు చెందిన రషీదున్నిసా 'ఇస్లాహున్నిసా' అనే నవలను 1881లోనే రాసింది. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో వెలువరించిన 'మిరాతుల్ ఉరూస్' చదివి ఆమెకు రాయాలన్న ఉత్సాహం కలిగింది. ఆ రాతప్రతి 13 ఏళ్ళు ఇంట్లోనే పడి ఉన్నది. కొడుకు బారిస్టరు చదువు పూర్తి చేసి వచ్చిన తరువాత 1894లో అచ్చయింది. అందులో రచయిత్రి ఎవరయ్యా అంటే ఫలానా వారి తల్లి, ఫలానా వారి కూతురు, ఫలానా వారి చెల్లెలు! ముగ్గురు మగవారి పేర్లు ఉన్నాయి, రాసిన మనిషి పేరు లేదు. ఉర్దూలో స్త్రీ రాసిన తొలి నవలగా ఈనాడు ఎంచుతున్న పుస్తకం సంగతి ఇది.

అక్బరీ బేగం అనే మరొక రచయిత్రి మొదట ఒక మగ పేరుతో అచ్చు వేయించింది. ఆ తరువాత 1907లో వచ్చిన ప్రసిద్ధ నవల 'గూదడ్ కా లాల్'కు 'వాలిదా అఫ్జల్ అలీ', అంటే అఫ్జల్ అలీ తల్లి అని పెట్టుకున్నది. ఆమె మేనకోడలు చాలాకాలం 'బింతె నజ్రుల్ బాకర్', అంటే నజ్రుల్ బాకర్ కూతురు అనే పేరుతో రాసింది. పెండ్లి అయినాక నజర్ సజ్జాద్ హైదర్ అయింది. ఆమె కూతురే 1989 సంవత్సరపు జ్ఞానపీఠ్ పొందిన ఖుర్రతుల్ ఐన్ హైదర్. తరాలు వరుసగా చూడండి: మేనత్త 'ఫలానా తల్లి', మేనకోడలు 'ఫలానా కూతురు', ఆమె కూతురు తన పేరుతో తాను. ఒకే కుటుంబంలో మూడు మెట్లు.

అలీగఢ్ ప్రాంతపు కవయిత్రి జాహిదా ఖాతూన్ శేర్వానీ తన పేరులోని మూడు అక్షరాలే వాడింది – జే, ఖే, షీన్. పేరు ఉన్నట్టూ ఉన్నది, లేనట్టూ ఉన్నది.

ఇది మన ముసల్మానుల ఇండ్లలో మాత్రమే జరిగిందని ఎవరూ అనుకోకూడదు. ఇంగ్లండులో బ్రాంటీ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ 1846లో తమ కవితలను కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అనే పేర్లతో అచ్చు వేశారు. 1847లో 'జేన్ ఐర్' కూడా కరర్ బెల్ పేరుతోనే వచ్చింది. మేరీ ఆన్ ఇవాన్స్ అనే ఆమెను లోకం ఈనాటికీ జార్జ్ ఎలియట్ అనే అంటుంది. తెలుగులో మాత్రం తమాషాగా తిరగబడింది. రచయిత్రుల నవలలకు వారపత్రికల్లో గిరాకీ బాగా పెరిగిన రోజుల్లో మగవారే ఆడ పేర్లు పెట్టుకున్నారు. పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది పురాణం సీత అనే పేరుతో. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ అనే దంపతులు ఇద్దరూ కలిసి బీనాదేవి అయినారు. కాలం ఎట్లా మారిందో చూడండి. ఒకప్పుడు ఆడ పేరు దాచవలసిన వస్తువు, తరువాత అదే అమ్ముడుపోయే వస్తువు.

సుగ్రా బేగం జీవితం

ఇప్పుడు మన సుగ్రా బేగం దగ్గరికి వద్దాం. ఈమె 1884 ప్రాంతంలో హైదరాబాదులో పుట్టింది. తండ్రి డాక్టర్ సఫ్‌దర్ అలీ మీర్జా నిజాం సైన్యంలో వైద్యుడు. తల్లి మర్యం బేగం. ఉర్దూ, ఫార్సీ చదువులు ఇంట్లోనే జరిగాయి. 1901లో పాట్నా వైపు నుండి వచ్చిన బారిస్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జాతో నికా జరిగింది. ఆయన లండనులో చదువుకున్నవారు. భార్య చదువుకు, రాతకు, తిరుగుడుకు అడ్డు చెప్పలేదు సరికదా, తోడు నిలిచారు. మీరు అడగవచ్చు, భర్త మంచివాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే? నిజమే. పైన చెప్పిన ప్రతి రచయిత్రి వెనుకా ఒక కొడుకో, అన్నయ్యో, భర్తో ఉన్నాడు. ఆ మనిషి లేక పెట్టెలోనే పోయిన రాతలు ఎన్నో లెక్క ఎవరు చెప్పగలరు?

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదను మన దాదీలు, నానీలు 'తుగ్యానీ' అని చెప్పుకునేవారు. వేలమంది పోయారు. అఫ్జల్ గంజ్ వైపు పేటలకు పేటలే కొట్టుకొని పోయాయి. ఆ కష్టకాలంలో సహాయ కార్యక్రమానికి ముందుకు వచ్చిన స్త్రీలలో సరోజినీ నాయుడు, తయ్యబా బేగం బిల్‌గ్రామీలతో పాటు సుగ్రా బేగం కూడా ఉన్నది. ఇంట్లో కూర్చుని రాసే మనిషి బయటికి వచ్చి పని చేసే మనిషి కావడంలో ఆ వరదకు పాలు ఉన్నదని మేము తలుస్తాము. కొంపలు మునిగి ఆడవారు పిల్లలతో వీధిన పడ్డప్పుడు, వారి దగ్గరికి పోవడానికి ఆడవారే కావలసి వచ్చింది. తయ్యబా బేగం కూడా నవలలు రాసిన ఇల్లాలే అని ఇక్కడ చెప్పుకోవాలి.

ఆ తరువాత సుగ్రా బేగం 'అంజుమనె ఖవాతీనె దక్కన్' అనే స్త్రీల సంఘాన్ని నిలబెట్టింది. హైదరాబాదు నుండి 'అన్నిసా' అనే మాసపత్రికకు, తరువాత లాహోరు నుండి వచ్చిన 'జేబున్నిసా'కు సంపాదకత్వం వహించింది. దక్కనులో పత్రిక నడిపిన తొలి ముస్లిం స్త్రీలలో ఈమె ఒకతె. 'ముషీరె నిస్వాన్' (దీనికే 'జోహ్రా' అని మరొక పేరు), 'సర్‌గుజష్తె హాజిరా', 'మోహినీ' ఈమె నవలలు. 1934లో తన తండ్రి పేరు మీద మద్రసా సఫ్‌దరియాను ప్రారంభించింది. తన స్థలం, తన డబ్బు పెట్టి బీద ఆడపిల్లలకు ఉర్దూలో చదువు చెప్పించింది, చేతి పనులు నేర్పించింది. ఆమె 1958లో మరణించింది. బడి మాత్రం నిలిచింది.

ఆమె పేరును ఒకసారి విడదీసి చూడండి. సుగ్రా అని తల్లిదండ్రులు పెట్టారు. హుమాయూన్ మీర్జా భర్త నుండి వచ్చింది. హయా అనేది తానే ఎన్నుకున్నది. నవలల మీద, పత్రికల మీద 'సుగ్రా హుమాయూన్ మీర్జా' అని తన పేరు మొదట పెట్టి, భర్త పేరు వెనుక పెట్టింది. 'ఫలానా వారి భార్య' అని రాసుకోలేదు. ఈ చిన్న తేడాను చులకనగా చూడకూడదు. 'ఫలానా వారి భార్య'లో మనిషి లేదు. 'సుగ్రా హుమాయూన్'లో ఇద్దరూ ఉన్నారు. ఇక 'హయా' సంగతి. ఊళ్ళు తిరిగి, సభల్లో మాట్లాడి, పత్రికలు నడిపిన స్త్రీ సిగ్గు అనే పేరు పెట్టుకోవడం ఏమిటి అని కొందరికి నవ్వు రావచ్చు. మా అభిప్రాయం వేరు. చదువుకున్న ఆడదానికి సిగ్గు ఉండదు అని ఆనాటి పెద్దలు ఎత్తి పొడిచే మాట. ఆ మాటనే ఆమె తన పేరుగా పెట్టుకున్నది. ఇక ఎవరు ఏమనగలరు?

సెలవులు, సైర్లు, సఫర్‌నామాలు

సుగ్రా బేగం పుస్తకాల్లో నవలల కంటే మాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి ప్రయాణపు పుస్తకాలు. భర్తతో కలిసి ఆమె బీహారు, బెంగాలు, భోపాల్, కాశ్మీరు, ఇరాక్, యూరప్ తిరిగింది. తిరిగిన ప్రతిచోటా చూసింది రాసి పెట్టింది, అచ్చు వేయించింది. ఆమె పోయిన నాటి భోపాల్‌ను పాలిస్తున్నది సుల్తాన్ జహాన్ బేగం అనే స్త్రీయే. సెలవులకు పోవడం అనేది మనకు కొత్త అలవాటు అని పిల్లలు అనుకుంటారు. నూరేళ్ళ క్రిందటే ఒక హైదరాబాదీ దంపతులు కలిసి ప్రయాణం చేస్తే, ఇల్లాలు దాన్ని పుస్తకంగా చేసి, పోలేని ఆడవారందరికీ చూపించింది. ఆనాడు పర్దాలో ప్రయాణం అంటే మాటలు కాదు. ఇంటి గుమ్మం నుండి స్టేషను దాకా పర్దా కట్టిన బండి, బండి నుండి రైలు పెట్టె దాకా రెండు వైపులా పట్టిన గుడ్డ, లోపల జనానా డబ్బా. అటువంటప్పుడు కిటికీ చువ్వల సందున చూసిన దేశాన్ని రాయడమే ఒక ధైర్యం.

దూర ప్రయాణాలు కొందరికే. మామూలు కుటుంబాలకు సెలవు అంటే పండుగ. మన హైదరాబాదులో సఫర్ నెల ఆఖరి బుధవారాన్ని 'ఆఖ్రీ చహార్ షంబా' అంటారు. ఆ రోజు కుటుంబాలన్నీ తోటలకు పోయి పచ్చగడ్డి మీద నడిచేవారు. పిల్లలకు బడి సెలవు, ఇంటి నుండి డబ్బాల్లో తిండి. ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య ఉండే ఆడవారికి ఆకాశం కింద కూర్చునే రోజు అది. దీనికి మతంలో ఆధారం ఉన్నదా లేదా అని ఆలిములు ఆనాడూ వాదించుకున్నారు, ఈనాడూ వాదిస్తారు. మేము ఆ జోలికి పోము. చరిత్రలో మాత్రం అది ఉన్నది. ఇక వర్షాకాలంలో చెట్లకు ఊయలలు కట్టడం, గోల్కొండ, గుంబదుల దగ్గర సైరు, 1920లో గండిపేట చెరువు తయారైన తరువాత అటువైపు పిక్నిక్కు – ఇవన్నీ నగరపు కుటుంబాల అలవాట్లు. మనం ఉంటున్న ఈ నానక్‌రామ్‌గూడ అప్పుడు గోల్కొండ అవతల రాళ్ళ గుట్టలు, పొలాలు ఉన్న పల్లె. నగరవాసి ఊపిరి పీల్చుకోవడానికి వచ్చే దిక్కు ఇది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత దిక్కే మారిపోయింది. ఇప్పుడు జనం ఉద్యోగం కోసం ఇటు వస్తారు, ఊపిరి పీల్చుకోవడానికి ఎటు పోవాలో తెలియక నిలబడుతారు.

ఈద్ సంగతి చెప్పనక్కరలేదు. షీర్ ఖుర్మా, ఈదీ, కొత్త బట్టలు, పెద్దల ఇండ్లకు సలాములు. వీటి గూర్చి మనకు ఎక్కడ నుండి తెలుస్తుంది? రాజుల చరిత్రల్లో యుద్ధాలు ఉంటాయి, ఫర్మానాలు ఉంటాయి. వంటింట్లో ఏమి వండారు, పెండ్లిలో ఏ రస్మ్ ఎవరు చేశారు, పండుగ నాడు ఆడపిల్లకు ఎవరు ఏమి పెట్టారు – ఇవన్నీ దొరికేది ఆడవారి నవలల్లో.

ఇందులో ఒక వింత ఉన్నది. రషీదున్నిసా మొదలుకొని తొలినాటి రచయిత్రులు చాలామంది సంస్కరణ కోసం రాశారు. పెండ్లిళ్ళలో, పుట్టువెంట్రుకల్లో, పండుగల్లో దుబారా వద్దు, మూఢ నమ్మకాలు వద్దు అని చెప్పడం వారి ఉద్దేశం. వద్దు అని చెప్పడానికి ఏమి జరుగుతున్నదో ముందుగా పూర్తిగా చెప్పవలసి వచ్చింది. 'ఇస్లాహున్నిసా'లో పెండ్లి రస్ములు ఒక్కొక్కటీ వివరంగా ఉన్నాయి. ఆ రస్ములు చాలావరకు పోయాయి, ఆమె కోరినట్టే జరిగింది. కాని అవి ఎట్లా ఉండేవో ఈనాడు తెలుసుకోవాలంటే ఆమె పుస్తకమే దిక్కు. చెరిపివేయాలని రాసిన చేయే వాటిని దాచి పెట్టింది!

తరువాతి తరం

సుగ్రా బేగం నాటిన విత్తనం ఊరికే పోలేదు. 1936లో బదాయూన్‌లో పుట్టి హైదరాబాదులో పెరిగిన జీలానీ బానో తండ్రి హైరత్ బదాయూనీ కవి. 'హైరత్' తఖల్లుస్. కూతురు మాత్రం ఏ తఖల్లుసూ లేకుండా, ఏ 'బింతె', 'వాలిదా' లేకుండా తన పేరుతోనే కథలు, నవలలు రాసింది. 1976లో వచ్చిన 'ఐవానె గజల్'లో పాత హైదరాబాదు హవేలీల లోపలి బ్రతుకు, అందులో ఆడవారి గతి చూపింది. 1985లో వచ్చిన 'బారిషె సంగ్'లో తెలంగాణ పల్లెల్లోని వెట్టిని, అప్పుల బానిసత్వాన్ని చూపింది. 2001లో పద్మశ్రీ వచ్చింది. శ్యామ్ బెనెగల్ 2009లో తీసిన 'వెల్‌డన్ అబ్బా' సినిమాకు ఆధారమైన కథల్లో ఒకటి ఆమె రాసిన 'నర్సయ్యా కీ బావ్‌డీ'. హయా నుండి జీలానీ బానో దాకా వచ్చేసరికి పర్దా పేరు అవసరం తీరిపోయింది.

నిజంగా తీరిపోయిందా? ఇక్కడే మేము మొదట చెప్తామన్న కారణం వస్తుంది.

మేము ఉర్దూ మీడియం బడిలో చాలా ఏండ్లుగా పాఠాలు చెబుతున్నాము. కొన్నేళ్ళ క్రిందట పదవ తరగతి అమ్మాయి ఒకతె గోడపత్రికకు ఒక చిన్న రచన తెచ్చింది. తన నానీ ఇంట్లో ఈద్ ముందు రాత్రి ఎట్లా గడిచేదో రాసింది. ఎవరు ఖర్జూరాలు నానబెట్టేవారు, ఎవరు సేమ్యాలు వేయించేవారు, నానా చనిపోయిన సంవత్సరం పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడకుండా ఎట్లా కూర్చున్నారు – చదివిన మా కండ్లు చెమ్మగిల్లాయి. మరునాడు తండ్రి వచ్చాడు. కష్టపడి ఆటో నడిపి పిల్లలను చదివించే మంచి మనిషి. "మాస్టర్ సాబ్, బాగా రాసిందట, సంతోషం. కాని పేరు వెయ్యకండి. పిల్ల సంబంధాల వయసుకొస్తున్నది, నలుగురూ నాలుగు మాటలంటారు" అన్నాడు. మేము మందలించలేదు. జే-ఖే-షీన్ కథ, హయా కథ చెప్పాము. అమ్మాయి వింటూ నిలబడి, మెల్లగా ఒక మాట అడిగింది: "అబ్బా, పేరు లేకపోతే ఇది నానీ ఇంటి సంగతని రేపు ఎవరికి తెలుస్తది?" తండ్రి కాసేపు ఊరుకున్నాడు. చివరికి మూడు అక్షరాలకు ఒప్పుకున్నాడు. రచన మూడు అక్షరాలతో గోడ మీదికి ఎక్కింది. రెండేళ్ళ తరువాత ఆమె చెల్లెలు రాసినదానికి పూర్తి పేరు పెట్టడానికి ఆయనే అడగకుండా ఒప్పుకున్నాడు.

ఈనాడు నానక్‌రామ్‌గూడ రోడ్ల మీద పొద్దున నిలబడి చూడండి. మన ఆడపిల్లలు ఫొటోతో, పేరుతో ఉన్న కార్డు మెడలో వేసుకొని ఆఫీసులకు పోతున్నారు. వారి పేరు గేటు దగ్గర వాచ్‌మన్ చదువుతాడు, కంప్యూటరు చదువుతుంది. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు, జీతం వస్తుంది కాబట్టి. అదే పిల్ల పెండ్లి కార్డు మీద మాత్రం 'ఫలానా గారి కుమార్తె' అయిపోతుంది. అంతదూరం ఎందుకు, ఇటువంటి సావనీర్లలో చందాదారుల జాబితా తిప్పి చూడండి. 'ఫలానా సాహెబ్ గారి అహలియా' అని ఎన్ని వరుసలు ఉంటాయి? డబ్బు ఆమెది, పేరు ఆయనది. 1894 నాటి పద్ధతి ఇంకా మన పేజీల్లోనే ఉన్నది.

మేము పర్దా గూర్చి తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం రాయలేదు. పర్దా పాటించిన స్త్రీలే పైన చెప్పిన పుస్తకాలు చాలావరకు రాశారు. ముఖానికి పర్దా ఉండవచ్చు, చేసిన పనికి పర్దా ఎందుకు అన్నదే మా మనవి. పైగా పేరు ఇష్టపడి దాచుకోవడం వేరు, ఇతరులు తుడిచివేయడం వేరు. హయా తానే ఎన్నుకున్నది. ఆ హక్కు మన ఆడపిల్లలకు కూడా ఉండాలి – పేరు పెట్టుకునే హక్కు, మార్చుకునే హక్కు, కావాలంటే దాచుకునే హక్కు.

సభ్యులకు రెండు చిన్న విన్నపాలు. మొదటిది: మన ఇండ్లలో పాత ట్రంకుల అడుగున అమ్మల, నానీల బయాజ్‌లు ఉంటాయి. అందులో కొన్ని షేర్లు, వంటకాల కొలతలు, పిల్లలు పుట్టిన తేదీలు, మర్సియాలు, ఊరి నుండి వచ్చిన ఉత్తరాలు ఉంటాయి. ఈ తరానికి ఉర్దూ లిపి రాక అవి పాత కాగితాల వాడి తక్కెడలోకి పోతున్నాయి. ఈద్‌కు ఇల్లు సర్దేటప్పుడు అటువంటివి దొరికితే పారవేయకుండా సొసైటీకి తీసుకొని రండి. చదివి పెట్టడానికి, తెలుగులోకి మార్చి రాసి ఇవ్వడానికి మేము, మా తోటి ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నాము. రెండవది: వచ్చే సంవత్సరపు సావనీరు నుండి స్త్రీ సభ్యుల పేర్లు వారు కోరినట్టు, వారి పేర్లతోనే అచ్చు వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. మీ అమ్మగారి పేరు, నానీ పేరు, దాదీ పేరు ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వండి. వాళ్ళు ఎక్కడ పుట్టారో, ఏమి వండేవారో, సెలవు దినాన ఎక్కడికి పోయేవారో పిల్లల చేతే కింద రాయించండి. అంతకంటే పెద్ద చరిత్ర పుస్తకం మన ఇండ్లలో మరొకటి లేదు.